గుడ్డకు ఆరామ్ కావాలె

“మిషన్ బంద్ చెయ్ మాస్టర్!”

అరవడమే కాదు, కటింగ్ టేబుల్ మీద పొరలుగా పరిచిన టీషర్టు గుడ్డపై స్వరూప రెండు చేతులూ అడ్డం పెట్టింది. సామ్యూల్ కోత మిషన్ టక్కున ఆపాడు.

“పాగల్ అయినవా? వేళ్ళు తెగుతుండె!”

“తెగితే నా వేళ్ళే. నువ్వు కోస్తే అందరి కష్టం మట్టిల పోతది.”

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులోని ఆ కార్ఖానాలో అతను కటింగ్ మాస్టర్. ఆమెది చెకింగ్. ఇస్త్రీ అయ్యాక పొట్టిదైన షర్టును పక్కన పడేయడం ఆమె పని. మొన్నటి సరుకంతా అలాగే పోయి మూలన గుట్టగా పడి ఉంది.

“రోల్ పొద్దుగాలనే వచ్చింది. చుట్టేటప్పుడు గుడ్డను సాగదీస్తరు. విప్పి ఒక దినం ఆరామ్ ఇస్తేనే తన కొలతకు వస్తది. లేకుంటే కుట్టినంక గుంజుకపోతది. నీకు నేను చెప్పాల్నా?”

“నాకెరుకే. సేటుకు జల్దీ ఉంది.”

“సేటుకు జల్దీ, నీకు భయం!”

కోపమొస్తే సామ్యూల్ ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. అది చూడటానికే స్వరూప ఎన్నోసార్లు కావాలని కయ్యం పెట్టుకుంది. ఇవాళ మాత్రం చూడబుద్ధి కాలేదు. ఈ నోటి వల్లే ఇంతకుముందు ఒక పని పోయింది. ఇదీ పోతే పని ఇంకోచోట దొరుకుతుంది. సామ్యూల్ దొరకడు. అది తెలిసే నోరు తెరిచింది.

సేటు వైకుంఠం లోపలి నుంచి వచ్చాడు. “ఏంది లొల్లి? రేపు సరుకు పోవాలె. చెకింగ్ పిల్ల కటింగ్ ఆపుతదా? పో ఇంటికి. మళ్ళ రాకు.”

“పోత సేటు. ఆ మూలకున్న గుట్టకు తోడు ఇంకో గుట్ట చేసుకో.”

సంచీ తీసుకుని గుమ్మం దాకా నడిచింది. బయట వాన కుండపోత. ఏడవకూడదని పళ్ళు బిగబట్టింది. వెనక ఇస్త్రీపెట్టె బుస్సుమంది.

సామ్యూల్ అప్పటికే కోసిన ముక్క ఒకటి తీసి, ఆవిరి పట్టి, కొలత అట్ట మీద పరిచాడు. వేలెడు తక్కువ.

“చూడు సేటు. మొన్న నోరు మూసుకొని కోసిన. ఇయ్యాల కొయ్య. ఆమె పోతే నేను గూడ పోత.”

సేటు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “అరే, లవ్వు చేస్తున్నవా, ధమ్కీ ఇస్తున్నవా?”

“రెండూ.”

కుట్టు మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు ముక్కను అటు లాగాడు, ఇటు లాగాడు. అది పెరగలేదు.

“విప్పి పరువుండ్రి. లారీ ఎల్లుండి రమ్మంట. ఒక్క షర్టు పొట్టిదైనా ఇద్దరి సంగతి చూస్త!” అని విసురుగా వెళ్ళిపోయాడు.

సామ్యూల్ గుమ్మం దగ్గరికి రాగానే స్వరూప నిలదీసింది.

“నాకు చెప్పకుండ సేటుకు చెప్తవా? సిగ్గు లేదా?”

“నీకు చెప్దామని వస్తే ఎప్పుడూ కొట్లాటకే వస్తవ్.”

“ఇప్పుడు చెప్పు. గట్టిగ. వానల ఇనొస్తలేదు.”

చెప్పాడు. కార్ఖానా మొత్తానికి వినబడింది. స్వరూప చెవులు ఎర్రబడ్డాయి, తల మాత్రం దించలేదు.

“మా అమ్మ ఒప్పుకోదు మాస్టర్. చర్చి పిలగాడంటే ఇల్లు పీకి పందిరేస్తది.”

“మా బాపు గూడ అంతే. ఎట్లంటవ్?”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“ఇద్దర్నీ ఒక్క దగ్గర కూసోబెడదాం. లొల్లి వాళ్ళు చేస్తరు. మనం కదలొద్దు.”