వెనక వరండాలో గొంతు

ఆ ఇంటి వెనక వరండా మంచిది కాదని వీధి వీధంతా తేల్చేసింది.

వంటింటి తలుపు తీస్తే వచ్చే వరండా అది. ఒక పక్క అంట్లు తోమే తొట్టి, ఇంకో పక్క బట్టలారేసే తాడు. పగలు ఏమీ ఉండదట. చీకటి పడి, హెడ్ క్లర్కు గారి స్కూటర్ గేటులోకి వచ్చి ఆగితే చాలు... లోపల్నించి ఒక ఆడగొంతు, నీరసంగా —

"వచ్చారా? మందు తెచ్చారా?"

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఆర్నెల్ల కిందట పోయిన ఆయన భార్యది.

జనం ఇట్టే నమ్మేశారు. బతికున్నన్నాళ్లూ గట్టిగా నోరెత్తని మనిషి పోయాక వీధికి వినబడేలా మాట్లాడితే దెయ్యమనక ఏమంటారు మరి! హెడ్ క్లర్కు గారు వెనక తలుపుకి తాళం వేసేశాడు. వరండాలో బల్బు ఎప్పుడో మాడిపోయింది. బల్బు మార్చడం ఆవిడ పని. ఆవిడే వచ్చి మార్చేదాకా ఆగుదామనుకున్నాడో ఏమో, అలాగే వదిలేశాడు. రాత్రిళ్లు ముందుగదిలో లైటు వేసుకుని, నిలువునా దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడు. ఆఫీసులో మాత్రం, "ఇల్లు బావురుమంటోందండీ... తోడు కావాలి," అనేవాడు.

ఆ తోడు వెతికే పని వాళ్లక్క నెత్తినేసుకుంది. అలా దొరికింది పంతులమ్మ.

పంతులమ్మ బళ్లో లెక్కలు చెబుతుంది. అన్నయ్య ఇంటి హాల్లో మడత మంచం మీద పడుకుంటుంది. తెల్లారగానే, ఆ మంచం ఎప్పుడు మడుస్తుందా అని వదిన చీపురు పట్టుకుని నిలబడుతుంది. తనదని చెప్పుకునే ఒక గది కోసం పంతులమ్మ ఈ సంబంధానికి సగం సరేనంది. మిగతా సగం ఇల్లు చూశాక చెబుతానంది.

"ఆ ఇంట్లో దెయ్యముందట కదా అన్నయ్యా?"

"తరగతినిండా పిల్లల్ని నోరు మూయిస్తావు. ఒక్క దెయ్యం నీకో లెక్కా?" అన్నాడు అన్నయ్య. మంచం ఖాళీ అయ్యే మూలలో కొత్త టీవీ పడుతుందో లేదో అప్పటికే టేపు పెట్టి కొలిచాడు.

వాళ్లు వెళ్లేసరికి పొద్దు వాలింది. ఆయనింకా ఆఫీసు నుంచి రాలేదు. అక్కగారే గదులన్నీ తిప్పి చూపించింది. వెనక తలుపు దగ్గర మాత్రం కాలు ఆపింది.

"అటు వద్దమ్మా. ఏముందక్కడ... పాత సామాను. ఒక మూగ చిలక. పొద్దున్నే వచ్చి దానికింత అన్నం పడేసి పోతుంటాను."

"అదీ చూస్తానండీ. రేపు అంట్లు తోమాల్సింది అక్కడే కదా."

అక్కగారు తాళంచెవి తీసింది. తలుపు మాత్రం తీయలేదు.

అప్పుడే గేటు కిర్రుమంది. స్కూటర్ వచ్చి ఆగింది.

"వచ్చారా? మందు తెచ్చారా?"

అక్కగారు గోడకి కరుచుకుపోయింది. అన్నయ్య హాల్లోకి ఎప్పుడు దూకాడో ఎవరూ చూడలేదు. హెడ్ క్లర్కు గారు వీధి గుమ్మంలో ఒక చెప్పు విడిచి, రెండోది విడవాలో వద్దో తెలియక నిలబడిపోయాడు.

పంతులమ్మ కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. అబద్ధమెందుకు.

కానీ గొంతు ఆగాక ఇంకో చప్పుడు... ఇనుప చువ్వల మీద గోళ్లు గీరుతున్నట్టు. చిన్నప్పుడు అమ్మ పెంచిన చిలక నిద్రపట్టనప్పుడు ఇలాగే గీరేది. ఆ చప్పుడు తనకి తెలుసు.

తాళంచెవి లాక్కుంది. తాళం తీసి, తలుపు తోసి ఫోను లైటు వేసింది.

తొట్టి పైన కొక్కేనికి పంజరం. గిన్నెలో నీళ్లు పచ్చగా పాచి పట్టాయి. అడుగున అన్నం మెతుకులు పులిసి వాసన కొడుతున్నాయి. ముక్కు వంకరగా పెరిగిపోయిన చిలక, గుండె మీది ఈకలు తనే పీక్కుని, చర్మం బయటపడి... మెడ తిప్పి ఒక కంటితో చూసింది.

"మందు తెచ్చారా?"

"ఓసి నీ! చిలకా!" హాల్లోంచి అన్నయ్య పగలబడి నవ్వాడు. హెడ్ క్లర్కు గారు రెండో చెప్పు కూడా విడిచి, మీసం సర్దుకుంటూ లోపలికొచ్చాడు.

"ఇది మాట్లాడుతుందా! ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా చెవిన పడలేదే!"

"మీరొచ్చే వేళకి పంజరం మీద గుడ్డ కప్పేవారా?" అడిగింది పంతులమ్మ.

"మా ఆవిడ కప్పేది. స్కూటర్ చప్పుడు వినగానే కప్పెయ్యమని నేనే చెప్పాను. అలిసిపోయి ఇంటికొస్తే కూతలేమిటండీ, చిరాకు!"

"గుడ్డ కప్పితే చిలక నోరు మూసుకుంటుందండీ. చెవులు మూసుకోదు. ఆవిడ పోయాక కప్పేవాళ్లు లేరు, అంతే."

అందరూ హాయిగా నవ్వారు. అక్కగారు కాఫీ పెట్టడానికి కూడా కదిలింది.

అప్పుడు చిలక మెడ దించింది. గొంతు మార్చింది. ఈసారి మగగొంతు... ఆవలిస్తూ —

"రేపు."

మళ్లీ నీరసంగా — "నొప్పి ఎక్కువగా ఉందండీ..."

"రేపన్నానా! ఒక్క రోజుకి చచ్చిపోతావా ఏమిటి?"

ఈ గొంతు ఎవరిదో కూడా అందరికీ తెలుసు. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

"తెచ్చారా... ఇంతకీ?" మెల్లగా అడిగింది పంతులమ్మ.

"అదీ... ఆఫీసులో ఆడిట్ రోజులు... మీకు తెలియదు, ఎంత పనంటే..."

పంతులమ్మ తన భుజాల మీది శాలువా తీసి పంజరం మీద కప్పింది. కొక్కెం నుంచి దించి చేత్తో పట్టుకుని, వీధి గుమ్మం దాటింది.

"ఆగవే! నీ మంచానికే చోటు లేదు, దీన్నెక్కడ పెడతావ్?" వెనకే పరుగెత్తాడు అన్నయ్య.

"టీవీకి కొలిచావు చూడు, ఆ మూలలో."

కబురు తెలిసి వీధంతా నవ్వుకుంది. దెయ్యం పీడ వదిలిందన్నారు.

మర్నాడు చీకటి పడ్డాక హెడ్ క్లర్కు గారు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ వేళకి చిలక రెండు వీధుల అవతల జామకాయ ముక్క తిని, మంచినీళ్లు తాగి, శాలువా కింద నిద్రపోతోంది. ఇక్కడ వరండాలో ఉన్నది ఖాళీ కొక్కెం.

స్కూటర్ ఆగింది.

"వచ్చారా?..."

చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడట. సందు చివర మందుల షాపువాడు షట్టర్ సగం దించేశాడు. ఈయన దాని కిందనుంచి తల దూర్చి, "మందు... మందివ్వు బాబూ!" అన్నాడట రొప్పుతూ.

"ఇస్తాను సార్. ఏ మందు?"

హెడ్ క్లర్కు గారు నోరు తెరిచాడట.

అలాగే ఉండిపోయాడట.