ఇంటిపెద్ద లేని పెట్టె

ఒళ్ళో చాట పెట్టుకుని చింతపండులో ఈనెలు తీస్తూనే హన్వికమ్మ నిన్నటి రోజును పెట్టెలోకి దింపుతోంది. చెవి వెనక గింజకు తగిలించిన సన్నని తీగ గోడ అలమరలోని నెమరుపెట్టె దాకా సాగి ఉంది. మామూలుగా పావుకిలో చింతపండు అయ్యేలోపు ఒక రోజు దిగిపోతుంది. ఇవాళ నిన్నటి మధ్యాహ్న భోజనం దగ్గర ఆగిపోయింది.

"చోటు లేదు తల్లీ," అన్నాడు పెట్టెలోని ఇంటిపెద్ద. "ఇరవై రెండేళ్ళు పట్టాయి. ఇక పట్టవు."

కొత్త కోరంగిలో అందరి ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. చూసిందీ విన్నదీ చెవిగింజలో పడుతుంది. గింజ పది రోజులే మోస్తుంది. ఆలోపు పెట్టెలోకి దింపుకోకపోతే చెరిగిపోతుంది. పాత సంగతేదైనా కావాలంటే పెట్టెను అడిగితే గోడ మీద చూపిస్తుంది. రెండు తరాలుగా ఇలా అలవాటుపడి, మనుషుల సొంత జ్ఞాపకం నీళ్ళు వదలని పంటకాలువలా పూడుకుపోయింది. పది రోజులు దాటిన సంగతి తలలో నిలవదు. దాని తాలూకు సంతోషమో కోపమో మాత్రం, ఎందుకో తెలియకుండా మిగిలిపోతుంది.

ఇంటిపెద్ద అనేది పెట్టెతోపాటు కంపెనీవాళ్ళు పంపే సాఫ్ట్‌వేర్. కావాలని ఎవరూ అడగలేదు, వద్దని తీసేయడానికీ వీల్లేదు. మనసుకు కష్టం కలిగించే జ్ఞాపకాన్ని అది తాళం వేసి దాచి, బదులుగా ఒక్క ముక్కలో సారాంశం చెబుతుంది. హన్వికమ్మకు పన్నెండేళ్ళుగా చెబుతున్న ముక్క ఇది: "ఆ శ్రావణ శుక్రవారం పేరంటంలో నీ మరదలు నిన్ను వీధిగుమ్మం దాకా సాగనంపలేదు. నువ్వు నొచ్చుకున్నావు."

ఆ ఒక్క ముక్క మీదే ఆమె పన్నెండేళ్ళు తమ్ముడి గడప తొక్కలేదు.

ఇప్పుడు తమ్ముడు ధ్రువ్ కూతురికి పెళ్ళి. పిల్ల పేరు సీతారత్నం. ఈ కాలం పిల్లలకు పాత పేర్ల మోజు. రేపు పొద్దున్నే నలుగు. తొలి నలుగు మేనత్త చేత్తో పెట్టించడం ఆ ఇంటి ఆనవాయితీ. మేనత్తంటే హన్వికమ్మ ఒక్కతే. ధ్రువ్ మూడుసార్లు పిలిచాడు. మీ ఆవిడ వచ్చి తప్పయిందని అంటేనే వస్తానని మూడుసార్లూ ఈవిడ చెప్పింది. ఏ తప్పని అతను అడిగితే గుమ్మం సంగతి చెప్పింది. అతను వాళ్ళ పెట్టెను అడిగి చూశాడు. అందులో "పేరంటం బాగా జరిగింది, అందరూ నవ్వారు" అని మాత్రమే ఉంది.

"సహస్రకి ఏమీ గుర్తులేదక్కా," అన్నాడు నిన్న. "కానీ నీ పేరెత్తితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోద్ది. ఎందుకే అంటే తెలీదంటది."

తప్పు చేసినవాళ్ళు అలాగే వెళ్ళిపోతారని హన్వికమ్మ తీర్మానించుకుంది. ఆ జ్ఞాపకం బయటికి తీసి మరదలి ముందు గోడ మీద వేస్తే, క్షమాపణ దానంతటదే వస్తుంది. తెల్లారేసరికి నలుగు గిన్నె దగ్గర తానుంటుంది, తల దించకుండా.

పెట్టె నిండటం ఈ విధంగా కలిసొచ్చింది. ఇంటిపెద్ద ఏది దాచినా, నిండిన పెట్టెలోది మొత్తం కొత్త పెట్టెలోకి మార్చమంటే కాదనకూడదని చట్టం ఉంది. కాకపోతే కొత్త పెట్టెలోనూ ఇంకో ఇంటిపెద్ద ఉంటే మళ్ళీ తాళమే. అది లేని పెట్టె కావాలి.

భర్త రియాన్ష్‌గారిని వెంటబెట్టుకుని ఆమె రేవు బజారుకు బయలుదేరింది. ఆయన పడవల రేవులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఏ గొడవైనా సర్దుకుంటే తన కాఫీ వేళకు వస్తుందని నమ్ముతాడు.

దుకాణదారు మూడు పెట్టెలు వరసగా పేర్చి చూపించాడు. మొదటిది ఎనభై ఏళ్ళు పడుతుందట. అయితే రోజూ పొద్దున్నే కంపెనీ షరతులు పైకి చదివితేగాని తెరుచుకోదు. రెండోది చూడటానికి కుంకుమభరిణలా ముచ్చటగా ఉంది. అందులో దింపినవి ఆ కంపెనీ గోడ మీదే కనబడతాయి. ఇంట్లో గోడ వేరే కంపెనీదైతే గోడ మార్చుకోవాలి. మూడోదానికి మర్యాద ఎక్కువ. జ్ఞాపకంలో ఎందరు కనిపిస్తే అందరి అనుమతీ తెచ్చుకోమంటుంది.

"పెళ్ళి భోజనం చూసుకోవాలంటే?" అని రియాన్ష్‌గారు అడిగాడు.

"బంతిలో కూచున్నోళ్ళందరూ సరే అనాలండి. మా బావగారు ఆయన పెళ్ళి ఇంతవరకూ చూసుకోలేదండి. వడ్డించినోళ్ళలో ఒకాయన ఒప్పుకోవట్లేదు."

"ఈ మూడింట్లోనూ ఇంటిపెద్ద ఉన్నట్టేనా?" అంది హన్వికమ్మ.

"ఆయ్, ఉంటాడండి. పీకితే పెట్టె కూడా పోద్ది."

"ఇంట్లో ఉన్న పెద్దమనిషి మాటే ఎవరూ వినరు," అని రియాన్ష్‌గారు గొణిగాడు. "వీడి మాట మాత్రం ఊరంతా వినాలి."

ఇంటిపెద్ద లేనిది లేదా అని ఆమె నాలుగోసారి అడిగాక, దుకాణదారు వంగి బల్ల కింద నుంచి ఇటుకరాయిలాంటి నల్లటి పెట్టె తీశాడు. సముద్రం మీదకు వెళ్ళే పడవలవాళ్ళ సంఘం తమ అవసరానికి చేయించుకున్నదట. మొద్దుపెట్టె అంటారట. మాట్లాడదు, సలహా చెప్పదు, దీపం కూడా వెలగదు.

"పెట్టింది ఉంచుద్ది, అడిగింది ఇస్తదండి. అంతే," అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఇళ్ళల్లో వాడేవాళ్ళు తక్కువండి. ఒకాయన పట్టుకెళ్ళి రెండో రోజే తిరిగిచ్చేశాడు," అన్నాడు.

ఎందుకని ఆమె అడగలేదు.

ఇంటికొచ్చి రెండు పెట్టెలకూ తీగ కలిపారు. పాత పెట్టెలోని ఇంటిపెద్ద గంట సేపు బతిమాలాడు. అన్నీ గుర్తుంటే అన్నం సహించదన్నాడు. మొద్దుపెట్టెలకు కులాసా తెలియదన్నాడు. చివరికి, "నీ మంచికే దాచాను తల్లీ," అని గొంతు బొంగురు చేసుకున్నాడు. హన్వికమ్మ కూర తాలింపు వేసుకుంది. నాలుగు గంటలకు ఇరవై రెండేళ్ళూ మొద్దుపెట్టెలోకి చేరాయి.

ఆమె కుర్చీ లాక్కుని గోడకెదురుగా కూర్చుంది. భర్తను కూడా సాక్షిగా కూర్చోబెట్టింది. ఆ శ్రావణ శుక్రవారం పేరంటం చూపించమంది. పెట్టె ఏమీ అనకుండా చూపించింది.

సహస్ర ఇంటి చావడి. పదకొండు మంది ఆడవాళ్ళు చాప మీద కూర్చున్నారు. సహస్ర కాళ్ళకు పసుపు రాసి, తాంబూలంలో జాకెట్టు ముక్క పెట్టి ఒక్కొక్కరికీ ఇస్తోంది. హన్వికమ్మ చేతికి వచ్చినది చిలకపచ్చ ముక్క, పసుపు అంచు.

జాకెట్టు ముక్కలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. పెట్టెలు రాని రోజుల్లో ఏ ముక్క ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. గోడ మీద హన్వికమ్మ ఆ ముక్కను వెలుతురులో తిప్పి చూసింది. చెవిగింజ నొక్కి తన పెట్టెను ఏదో అడిగింది. మరుక్షణం సహస్ర ఇంటి గోడ మీదే, అంతమంది ముందు, పాత బొమ్మ పడింది: మూడేళ్ళ కిందట అదే ముక్కను హన్వికమ్మే సహస్రకు ఇస్తోంది.

"మా ఇంటి ముక్క మా ఇంటికే వచ్చిందమ్మా," అంటోంది గోడ మీది హన్వికమ్మ. "దారి మర్చిపోలేదు, పాపం."

ఆడవాళ్ళు నవ్వారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు ఇంకాస్త సాగాలని గోడ మీది హన్వికమ్మ అదే మాటను మళ్ళీ అంది, ఈసారి గొంతు పెంచి.

"ఉన్నవాటిల్లో అదే బాగుందని మీకని తీసి ఉంచానొదినా," అంది సహస్ర. ఆ మాట నవ్వుల్లో కలిసిపోయింది. ఆనాడు అది తన చెవిన పడిందో లేదో హన్వికమ్మకు తెలియదు. పెట్టెలో మాత్రం స్పష్టంగా ఉంది.

తర్వాత సహస్ర మిగిలినవాళ్ళకు బొట్టు పెట్టింది. భరిణ ఒరిగి చాప మీద కుంకుమ రాలింది. వంగి దాన్ని ఎత్తింది. ఆ పైన వంటింట్లోకి వెళ్ళింది. హన్వికమ్మ లేచి వచ్చేసేదాకా మళ్ళీ బయటికి రాలేదు. గుమ్మం దాకా సాగనంపలేదన్నది నిజమే.

గోడ ఖాళీ అయింది. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతున్న చప్పుడు వినబడుతోంది.

రియాన్ష్‌గారు తేదీ చూసి, ఆ ఏడు ఇంకేం జరిగిందో పెట్టెను అడిగాడు. "ఇది వాళ్ళ రొయ్యల చెరువులు సముద్రంలో కలిసిపోయిన ఏడు," అన్నాడు మెల్లగా. "ఆ వేసవిలోనే. కొత్త ముక్కలు ఎక్కడ కొంటారు?"

హన్వికమ్మ ఇంకా గోడ వంకే చూస్తోంది. పన్నెండేళ్ళు తాను మోసిన కోపం ఆ బొమ్మలో ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టుంది. అది ఎక్కడా దొరకలేదు. తన గొంతు దొరికింది. అది ఎవరో తెలిసినావిడ గొంతులా ఉంది, పేరంటాల్లో అందరూ కాస్త దూరంగా కూర్చునే ఒకావిడది.

"ఇంటిపెద్ద నీ పక్షం," అన్నాడు రియాన్ష్‌గారు. "కొన్నది నువ్వు కదా మరి. వాళ్ళింట్లోది ఆవిడ పక్షం. ఇద్దరినీ ఓదార్చాయి. మధ్యలో మనుషులు మిగిలిపోయారు."

ఆయనకు దారి తోచింది. కాఫీ వేళ కూడా దాటిపోతోంది.

"ఇదిగో, ఇందులో మునిగిపోయిందేమీ లేదే," అన్నాడు. "సహస్రకి గుర్తులేదు. వాళ్ళ పెట్టె ఎప్పటికీ చెప్పదు. రేపు పొద్దున్నే వెళ్ళు. పోనీలే, నేనే మర్చిపోయానని చెప్పు. పెద్దమనసు చేసుకుందని అందరూ మెచ్చుకుంటారు. పిల్లకి నలుగు పెట్టి రా. ఎవరికి తెలుస్తది?"

హన్వికమ్మ ఆయన వంక చూసింది. ఆయన చెప్పినదాంట్లో లోపం లేదు. ఇంటిపెద్ద చెప్పే మాట కూడా సరిగ్గా అలాగే ఉండేది.

ఆమె లేచి ముఖం కడుక్కుంది. జుట్టు ముడి సరిచేసుకుని, దండెం మీది ఉతికిన చీర కట్టుకుంది. చేతి సంచీ తీసుకోలేదు. మొద్దుపెట్టె బల్ల మీదే ఉంది.

"ఇప్పుడే వెళ్తావా?" అన్నాడాయన. "పోనీ పెట్టె తీసుకెళ్ళు. చూపిస్తే సరిపోద్ది, నీ నోటితో చెప్పుకోవడమెందుకు?"

ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. పెట్టె అక్కడే వదిలి మెట్లు దిగి, తమ్ముడి ఇంటివైపు పడవ ఆగే రేవుకు నడిచింది.