గీత దాటిన సీటు

"చెయ్యి తియ్యండి."

"తియ్యను. ముందు పట్టుకుంది నేను."

"ముందు చూసింది నేను."

"చూసినవన్నీ సొంతమైపోతే నేనీపాటికి రెండు బంగళాలకి ఓనర్ని."

సైకిల్ షాపులో ఒకే మౌంటెన్ బైక్‌ని చెరోవైపు పట్టుకుని మేము మాట్లాడుకున్న మొదటి మాటలివి. చూపులు కలిశాయనీ, గుండె ఝల్లుమందనీ చెప్పాలని నాకూ ఉంది. కానీ ఆ రోజు కలిసింది చూపులు కాదు, బడ్జెట్లు.

నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. రోజంతా కూర్చునే పని. ఊరి చివర గుట్ట మీదికి ఒక మట్టి దారి ఉంది. సెలవు రోజు దాని మీద తొక్కాలని ఎప్పట్నుంచో కోరిక. ఆమె ఫిజియోథెరపిస్టు. రోజంతా ఎవరెవరి మోకాళ్ళో వంచి, చాపి, సరిచేసే పని. ఆమెకీ అదే గుట్ట, అదే కోరిక, నాలాగే పలచటి పర్సు.

షాపాయన అప్పటికే నాకో పాఠం చెప్పి ఉన్నాడు. నా దగ్గరున్న డబ్బుకి ముందూ వెనకా స్ప్రింగులతో తళతళలాడే బైకులు బోలెడు వస్తాయట.

"అవి చూడ్డానికే బాబూ. ఎత్తు ఎక్కేటప్పుడు నువ్వు తొక్కిన బలమంతా ఆ స్ప్రింగే మింగేస్తుంది. దిగేటప్పుడు బ్రేకు పడదు. నీ డబ్బుకి వెనక స్ప్రింగు లేనిది తీసుకో. ఫ్రేమూ, బ్రేకులూ మంచివైతే చాలు."

అలాంటిది షాపులో ఒక్కటే మిగిలింది. పోయినేడాది మోడల్, బూడిద రంగు, అందుకే ధర తగ్గించారు. తగ్గించినా నాకు అందలేదు. ఆమెకీ అందలేదని బేరం మొదలెట్టాక తెలిసింది. ఇద్దరం ఆయన ప్రాణం తీశాం.

"మీ ఇద్దరి ఎత్తూ ఇంచుమించు ఒకటే," అన్నాడాయన విసుగ్గా. "చెరిసగం వేసుకుని, వారానికొకరు తొక్కండి. నన్నొదిలెయ్యండి."

ఆయన విసుగుతో అన్నాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మీరు బురదలో దింపి, కడక్కుండా ఇస్తే?" అంది.

"మీరు గేర్లు విరగ్గొడితే?"

"ఫోన్ నంబరివ్వండి. విరగ్గొట్టాక చెబుతాను."

అలా కొన్నాం.

ఆదివారం పొద్దున ఆమె క్లినిక్ మెట్ల కింద సైకిల్ చేతులు మారేది. మొదటి వారమే సీటు దగ్గర పేచీ వచ్చింది. నేను ఆమెకంటే కాస్త పొడుగు.

"సీటు మరీ కిందుంటే మోకాలికి దెబ్బ, మరీ పైనుంటే నడుముకి," అంటూ పేషెంట్ల ఒంటి మీద గుర్తులు పెట్టే మార్కర్లు తెచ్చి, సీటు రాడ్డు మీద రెండు గీతలు గీసింది. నీలం గీత తనది. ఎర్ర గీత నాది. "ఇచ్చేటప్పుడు అవతలివాళ్ళ గీత దగ్గర పెట్టి ఇవ్వాలి. అది మర్యాద."

నాకా మర్యాద తెగ నచ్చింది. శనివారం చెయిన్ తుడిచి, నూనె వేసి, సీటు బిగించే లివరు వదులు చేసి, సీటుని నీలం గీత దాకా దించి పెట్టేవాణ్ణి. తన వంతు అయ్యాక తను ఎర్ర గీత దాకా లేపి తెచ్చేది. ఒక మనిషి నా ఎత్తు గుర్తుపెట్టుకుని నా కోసం సీటు సరిచేసి తీసుకురావడం! దాన్ని ప్రేమ అనక ఏమంటారో నాకు తెలీదు. నేను అదే అన్నాను, లోలోపల.

గీతలు రాడ్డుతో పాటు ఫ్రేములోకి దిగుతూ లేస్తూ అరిగిపోయేవి. తను మళ్ళీ గీసేది. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. నా పేరు పోయి "కళ్ళజోడూ" వచ్చింది. "మన సైకిల్", "మన గుట్ట" అనేది. ఆ "మన" కోసం నేను ఆదివారాలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

వానలు మొదలయ్యాయి. ఓ ఆదివారం మెట్ల కింద ఇద్దరం ఇరుక్కుపోయాం. జల్లు లోపలికి కొడుతుంటే తను నా వైపు జరిగింది. భుజానికి భుజం తగిలింది. తడిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ, "ఏమైనా చెప్పు," అంది.

నా గుండె చప్పుడు వానకంటే పెద్దగా ఉంది. నోరు పెగుల్చుకున్నాను.

"వానాకాలం చెయిన్‌కి పలచటి నూనె పనికిరాదు. కాస్త చిక్కటిది వాడాలి."

తను నన్ను ఎగాదిగా చూసింది.

"సరే," అంది. "చిక్కటిదే వాడదాం."

ఈ సంగతి విని, కుట్టుమిషను మీద గుడ్డ అలాగే వదిలేసి మా అక్క నెత్తి కొట్టుకుంది. నేను అక్కా బావల దగ్గరే ఉంటాను. "సగం సైకిల్ సంసారం ఎన్నాళ్ళురా? ఈ ఆదివారం చెప్పెయ్. చెప్పకుండా వచ్చావో, తలుపు తియ్యను."

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. చెప్పాల్సిన మాట దారంతా గొణుక్కుంటూనే ఉన్నాను. మెట్ల కింద సైకిల్ ఉంది, పక్కనే తనూ ఉంది. కానీ సీటు ఎర్ర గీత దగ్గర లేదు. చాలా పైనుంది. ఇక ఇంతకు మించి లేపకూడదని రాడ్డు మీద కంపెనీవాళ్ళు కొట్టిన గీత ఒకటి ఉంటుంది. అది కూడా బయటికొచ్చేసింది.

"సీటెవరు లేపారు?"

"అయ్యో, దించడం మర్చిపోయాను. మా దగ్గరికి మోకాలు చూపించుకోడానికి వస్తాడే, ఆ పొడుగాయన. ఒక రౌండు వేస్తానంటే ఇచ్చాను."

"గీత దాటింది," అన్నాను.

"ఏం గీత?"

"రాడ్డు మీద గీత. అది దాటితే విరిగిపోతుంది."

"ఒక్క రౌండే కదా."

"ఒక్క రౌండైనా గీత గీతే. ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేస్తే ఎలా?"

తను నా ఇస్త్రీ చొక్కా చూసింది, నా మొహం చూసింది.

"నువ్వు రాడ్డు గురించే మాట్లాడుతున్నావా?"

"మరి దేని గురించి?" అన్నాను.

"ఏం లేదులే," అంటూ తనే సీటుని ఎర్ర గీత దాకా దించి, లివరు బిగించి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అక్క తలుపు తీసింది. నా మొహం చూసి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తర్వాత కూడా సైకిల్ చేతులు మారింది, మాటలే తగ్గాయి. ఓ రోజు తనే ఫోన్ చేసింది. "వచ్చే నెల మా ఎంగేజ్‌మెంట్. నాకూ, ఆ పొడుగాయనకీ. మేము ఒక మౌంటెన్ బైక్ కొనాలనుకుంటున్నాం. డబ్బులెక్కువ లేవు. నువ్వొచ్చి ఎంచిపెట్టవా?"

తను "మనం" అన్నప్పుడల్లా అందులో నేనుండేవాణ్ణి. "మేము" అని ఒక్క మాట మార్చి నన్ను బయట నిలబెట్టింది. అయినా వెళ్ళాను. నాకు సిగ్గు లేదు.

పొడుగాయన మంచివాడు. అదే నా ఖర్మ. తిట్టుకుందామన్నా ఎక్కడా సందివ్వడు. అదే షాపులో, ముందూ వెనకా స్ప్రింగులున్న ఎర్ర బైక్ దగ్గర చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

"ఇదెలా ఉంది బ్రదర్? మా బడ్జెట్‌లోనే ఉంది."

బాగుంది, తీసుకోండి అంటే చాలు. ప్రతి ఎత్తులో రొప్పుతాడు, ప్రతి వాలులో నన్ను తల్చుకుంటాడు. మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ వాలులో ఆయనకి ముందు తను ఉంటుంది. వెనకవాడికి బ్రేకు పడకపోతే దెబ్బ ముందువాళ్ళకే.

"వద్దండి. ఆ చివర నల్లది చూడండి. వెనక స్ప్రింగు లేదు, బ్రేకులు మంచివి, పెద్ద ఫ్రేము. మీరు సీటు గీత దాటించక్కర్లేదు."

గీత అన్నప్పుడు తను తలెత్తి చూసింది. పొడుగాయన నల్లదెక్కి, వీధి చుట్టూ ఒక రౌండు వేసొస్తానని వెళ్ళాడు. షాపులో మేమిద్దరం మిగిలాం.

"నాకు నువ్వంటే ఇష్టం," అన్నాను.

తను ట్యూబుల అట్టపెట్టె మీద చెయ్యి ఆనించింది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చెయ్యి తియ్యనన్నప్పట్నుంచి."

"ఇప్పుడా చెప్పేది? ఆయన ఒక రౌండు వేసొచ్చేలోపా?" గొంతు పెంచలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. "వానలో పక్కన నిలబడి, ఏమైనా చెప్పమన్నాను. నూనె గురించి చెప్పావు. రాడ్డు గురించేనా అని అడిగాను. దాని గురించే అన్నావు. ఇంకెలా అడగాలి కళ్ళజోడూ? ఆయన మోకాలు నయం కాకముందే అడిగేశాడు."

నాకూ కోపం వచ్చింది. "నువ్వు చెప్పొచ్చుగా?"

"చెప్పాను. నీ గీత అరిగినప్పుడల్లా మళ్ళీ గీశాను. అంతకంటే చెప్పడం నాకూ రాలేదు."

వీధి మలుపులో బెల్లు మోగింది. పొడుగాయన వచ్చేశాడు. "సూపర్ బ్రదర్! ఇదే ఖాయం. మీ మేలు మర్చిపోను."

సీటు ఆయనకి సరిపోయేలా నేనే బిగించాను. తను హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మార్కరు తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది.

వెళ్ళేముందు, "మన సైకిల్ నువ్వే ఉంచేసుకో," అంది.

"మరి నీ సగం?"

"వద్దు. వారం వారం చెయిన్ తుడిచావుగా. దానికింద సరి."

ఇంటికొచ్చాక బావ విషయం విని తెగ సంబరపడ్డాడు. "సగం డబ్బుకే మొత్తం సైకిలా! మంచి బేరం కొట్టావు బామ్మర్దీ." అక్క ఆయన వైపు కొరకొరా చూసింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

శనివారం అలవాటు కొద్దీ చెయిన్ తుడిచాను. లివరు వదులు చేసి సీటుని నీలం గీత దాకా దించాను. దించాక గుర్తొచ్చింది. మళ్ళీ లేపబుద్ధి కాలేదు. మర్నాడు అలాగే గుట్టెక్కాను.

దిగేసరికి కుడి మోకాలు పట్టేసింది. కుంటుకుంటూ వచ్చి మంచం మీద పడితే, అక్క వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది.

"వాచింది కదరా. ఎవరికైనా చూపించుకో."

అదే తగ్గిపోతుందిలే అన్నాను. మోకాళ్ళు చూసేవాళ్ళు నాకు ఒక్కరే తెలుసు.