రంగు కింద మందం

"ఏందిది, పెండ్లిపిల్ల లెక్క తయారుచేసిన్రు?"

నర్సంపేట రోడ్డులో ఉన్న రైస్ మిల్లులో అడుగుపెడుతూనే వినోద నవ్వింది. వడ్లు ఉడికించే ఆవిరి ట్యాంకు వెండి రంగులో ధగధగలాడుతోంది. పక్కనే బాయిలర్ ఆపరేటర్ భరత్ సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

ఇలాంటి ట్యాంకుల గోడ మందం కొలవడం వినోద పని. పోయినేడు వచ్చి వెళ్ళినప్పటి నుంచి భరత్ రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడతాడు. ఆమె దండం బొమ్మ పంపుతుంది. ఏడాదిగా వ్యవహారం అంగుళం కదల్లేదు, ఏం మనుషులో!

ట్యాంకులోకి ఇంకా ఆవిరి వదల్లేదు. ఆమె ట్యాంకు అడుగున జెల్ రాసి మీటరు ఆనించింది. ఆరు పాయింట్ మూడు. మందం ఆరు మిల్లీమీటర్లకు దిగితే ట్యాంకు పేలొచ్చు, అప్పుడే ఆపాలి. హమ్మయ్య అనుకుంటుండగా ముక్కుకు వాసన తగిలింది.

"పెయింట్ ఎప్పుడేసిన్రు?"

"మొన్ననే. మూడు కోటింగులు."

వినోద నవ్వు ఆరిపోయింది. ఆమె మీటరు రంగును కూడా ఇనుములోనే కలిపి లెక్కేస్తుంది. పల్చబడ్డ గోడను దాచాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు.

"ఓనర్ చెప్పిండా? మీ దొంగ తెలివేనా?"

"దొంగ తెలివా?" భరత్ తలెత్తి ఆమె వైపు చూశాడు. "మీరొస్తాన్రని ఏసిన మేడం. మీ కంటికి మంచిగుండాలని. అంతే."

నమ్మాలని ఆమెకు ఎంతో ఉంది. కానీ ఈ పనిలో నమ్మకం చెల్లదు.

"గీకున్రి."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుము తేలేదాకా గీకాడు. ఐదు పాయింట్ ఆరు. ఆమె మూడుసార్లు చూసింది. అదే.

సంగతి విని ఓనరు రాజేశ్వర్ రావు పరుగున వచ్చాడు. "నాలుగు పాయింట్లకే గింత లొల్లా? బయట వడ్ల లారీలు ఆగినయ్. సీజన్ ఒడవనియ్యమ్మా. భరత్, స్టీమ్ వదులు!"

"భరత్, నువ్వు ముట్టకు!" వినోద అరిచింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఆమెకే తెలియదు.

"వదలకపోతే గేటు బయటికి నడువు," అన్నాడు రావు.

భరత్ ఆవిరి వాల్వు తిప్పే చక్రాన్ని విప్పి వినోద చేతిలో పెట్టాడు. "నడుస్త సారూ. కానీ నా జాగల ఎవల్ని నిలబెట్టినా, వాళ్ళింట్ల కూడా ఎదురుచూసేటోళ్ళుంటరు."

రాజేశ్వర్ రావు వంగి, గీకిన చోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ట్యాంకు చేసేటోనికి ఫోన్ కొట్టు," అన్నాడు చివరికి భరత్‌తో. "నువ్వెటూ పోకు."

ఆయన లారీల వైపు వెళ్ళగానే వినోద కళ్ళు తుడుచుకుంది.

"దొంగ అన్న నిన్ను. తప్పు నాదే."

"మీ పని మీరు చేసిన్రు."

"నీకేమన్న అయితుండే! అప్పుడు నేనేం కావాలె?"

భరత్ ఆమె వైపు ఒకడుగు వేశాడు. "ఆ మాట ఇంకోసారి అంటరా?"

"అనను. ఆదివారం పరకాల మా ఇంటికి రా. మా అమ్మ ముంగట కూసోని నువ్వే అడుగు."

"ఏమని?"

"నన్నియ్యమని."