లైన్ ఆపిన లీలమ్మ

పురానాపూల్ కింద మూసీ బురదలో దొరికిన శవానికి మెడ విరిగి ఉంది. మనిషి పేరు వెంకటనారాయణ. హుస్సేనీ ఆలంలో చిన్న వర్క్‌షాప్. చాంద్రాయణగుట్ట అవతల సైన్యానికి వైర్‌లెస్ సెట్లు చేసే ఫ్యాక్టరీకి స్ప్రింగులు పంపేవాడు.

"స్ప్రింగుల పెట్టెలో బాంబు పెట్టమని విదేశీ ముఠా అడిగింది. ఇతను ఒప్పుకోలేదు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ రామలింగయ్య. "మిగతా సప్లయర్లలో ఎవడో ఒప్పుకున్నాడు. వాడెవడో తెలియదు."

ఏజెంట్ ఇస్సాకు కుర్చీలోంచి లేచాడు. అతని చెల్లెలు లీలమ్మ పని చేసేది ఆ ఫ్యాక్టరీ అసెంబ్లీ లైన్‌లోనే. అన్న చేసే ఉద్యోగం ఆమెకు తెలియదు. ఖాళీగా తిరుగుతున్నాడనే అనుకుంటుంది.

"స్టోర్‌లో చెక్ చేయిద్దాం సార్."

"స్టోర్ ఎక్కడుందయ్యా? అది జపాన్ సిస్టమ్. నిల్వ అనేదే ఉండదు. సరుకు కావాలని లైన్ నుంచి కార్డు వెళ్తేనే సప్లయర్ దగ్గర పెట్టె బయల్దేరుతుంది, వచ్చిన పెట్టె నేరుగా లైన్ మీదికే. ఎప్పుడొస్తుందో గడియారం చూసి చెప్పొచ్చు. శత్రువు కూడా అదే గడియారం చూసి టైమర్ పెడతాడు."

"ఫ్యాక్టరీ మూయిస్తే?"

"ఢిల్లీ ఒప్పుకోదు. ఆశలేం పెట్టుకోకు."

ఇస్సాకు గడ్డం అంటించుకుని, కాలర్‌లో ట్రాన్స్‌మీటర్ దాచుకుని, ఫ్యాక్టరీ ఆవరణలో చాయ్ బండి తోశాడు. వారం గడిచింది. గేటు నుంచి షెడ్డుకు తిరిగే మోటారు ట్రాలీలన్నీ ఒకేలా, పెట్టెలన్నీ ఒకేలా ఉన్నాయి. తన వల్ల కాదని అతనికి తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, ఫారిన్ సెంటుతో ఆండాలు బండి దగ్గరికొచ్చింది. పేరుకు కన్సల్టెంట్ గారి సెక్రటరీ. విదేశీ ముఠా దగ్గరా, మన డిపార్ట్‌మెంట్ దగ్గరా జీతం తీసుకునే మనిషి.

"చాయ్‌ల మలాయ్ ఉన్నదా?"

"నిన్ననే ఒడిసింది." కోడ్ సరిపోయింది.

"పెట్టె గేటు దాటింది. షెడ్డులకు పోంగనే పేలుతది."

"ఇప్పుడా చెప్పేది?"

"వాళ్లకిచ్చిన మాట తప్పలే, మీకిచ్చిన మాటా తప్పలే," అని ఆండాలు కారెక్కింది.

ట్రాలీ అప్పుడే మైదానం అవతలి కొసన షెడ్డు తలుపు వైపు తిరిగింది. పరిగెత్తినా అందదు. బాంబని అరిస్తే లోపలున్న వాళ్లందరూ ఆ తలుపు మీదే పడతారు.

మిగిలింది తాడు ఒక్కటే. లైన్‌లో ప్రతి సీటు మీదా ఒక తాడు వేలాడుతుంది. తప్పు కనిపిస్తే లాగాలి. ఎర్ర దీపం వెలుగుతుంది, లైన్ ఆగుతుంది, దీపం ఆరేదాకా ట్రాలీలు ఎక్కడివక్కడ నిలబడాలి. అది కార్మికుడికిచ్చిన గౌరవమని జపాన్ వాళ్లు చెప్పి వెళ్లారు. వాళ్లటు వెళ్లగానే, కారణం లేకుండా లాగితే డిస్మిస్ అని మన మేనేజర్ బోర్డు తగిలించాడు. అప్పట్నుంచి ఆ తాడు ముట్టుకున్న పాపాన పోయినవాళ్లు లేరు.

ఇస్సాకు చెల్లెలి సీటు పక్కనున్న జాలీ కిటికీకి మొహం ఆనించాడు. "లీలా, తాడు గుంజు."

గొంతు గుర్తుపట్టి లీలమ్మ తలెత్తింది. "నువ్వా? గీ గడ్డమేంది? ఏం ఖరాబైందని గుంజాలె?"

"అడగకు."

"నౌకరి పోతదన్నా. ఇంట్ల నా ఒక్క జీతమే."

"ఎరికే. గుంజు చెల్లె."

అన్న అంతగా భయపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. కళ్లు మూసుకుని లాగింది.

ఎర్ర దీపం వెలిగింది. డ్రైవర్ మైదానంలోనే ట్రాలీ ఆపి, తిట్టుకుంటూ బీడీ కోసం గోడ నీడకు పోయాడు. మరుక్షణం ట్రాలీ తునకలైంది. షెడ్డు అద్దాలన్నీ రాలాయి గాని ఒక్క ప్రాణం పోలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని ప్రభుత్వం ప్రకటించింది. "ట్రాన్స్‌ఫార్మర్ బయట పేలితే, అంతకుముందే నువ్వు తాడెందుకు లాగావు?" అని మేనేజర్ నిలదీశాడు. లీలమ్మ అన్న పేరు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం ఊడింది.

"మేనేజర్‌కి ఒక్క మాట చెప్పండి సార్," అని ఇస్సాకు చీఫ్‌ను బతిమాలాడు.

"బాంబే లేదన్నాక ఏం చెప్పమంటావు?"

ఇస్సాకుకి ఏడుపొచ్చింది.

సోమవారం అన్నాచెల్లెళ్లిద్దరూ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజిలో నిలబడ్డారు, ఆమె ఉద్యోగం కోసం, అతను నిరుద్యోగి వేషం నిలుపుకోడానికి. ఇన్నేళ్లూ ఏం పని చేశావని గుమాస్తా ఇస్సాకును అడిగాడు. లీలమ్మ అన్న వైపు చూసింది. అంతా అర్థమైన చూపు అది.

"మా అన్న ఏ పనీ చెయ్యలే సారూ," అంది. "చేతగాదు."

డిపార్ట్‌మెంట్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఏజెంట్ ముసుగు చెక్కు చెదరలేదు.