జూన్ దాకా చెప్పకూడని మార్కు

ముప్పై ఒకటో నిమిషంలో సుజిత పేపరు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పరీక్షకు ఇచ్చిన సమయం నలభై ఐదు నిమిషాలు. గదిలో మిగతా ముప్పై ఏడు మంది ఇంకా తలలు దించుకునే ఉన్నారు.

"ఇంకా టైముందండి," అన్నాడు బెన్హర్.

"రాసీసానండి. ముప్పై ఎనిమిదోది మాత్రం తప్పు."

"ఒక్కటి తప్పయితే ఏం కాదు. కంగారు పడకండి."

"నేను తప్పు సెయ్యలేదండి. మీ ప్రశ్నే తప్పు."

అది నర్సీపట్నం ఆసుపత్రిలో ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్లను తయారుచేసే శిక్షణ కేంద్రం. జులై మూడు, గురువారం. కోర్సులో చేరిన ముప్పై ఎనిమిది మందికి మొదటి రోజు. బెన్హర్ ఆ కేంద్రం ఉద్యోగి కాడు. విశాఖలో ప్రొఫెసర్ రాజులమ్మ దగ్గర రీసెర్చ్ అసిస్టెంటు. పరీక్షలో అరవై ప్రశ్నలు. ఒక్క ప్రశ్నలోనూ అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. దిమ్మల బొమ్మ ఒకటి ఇచ్చి, దాన్నే తిప్పి గీసిన బొమ్మ ఏదో పట్టుకోమంటారు. బూడిద రంగు మచ్చల్లో దాగిన ఆకారాన్ని వెతకమంటారు.

ముప్పై ఎనిమిదో ప్రశ్నలో మొదటి బొమ్మా మూడో బొమ్మా రెండూ సరైనవేనని సుజిత వేలు పెట్టి చూపించింది. రెండింటికీ టిక్కు కొట్టింది కూడా. నలుగురు ప్రొఫెసర్లు సరిచూసిన పేపరని బెన్హర్ చెప్పాడు.

"నలుగురూ ఒకే వైపు నుంచి సూసుంటారు," అని ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు బెన్హర్ ఏడు అగ్గిపెట్టెలు జిగురుతో అంటించి ఆ బొమ్మ తయారుచేశాడు. ఎటు తిప్పినా మూడో బొమ్మ రాలేదు. మూడో రోజు దాన్ని తల మీదికెత్తి కింది నుంచి చూశాడు. వచ్చింది. ఫొటో తీసి రాజులమ్మకు పంపాడు. ఆమె జవాబు రెండు వాక్యాలు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ప్రశ్న తీసెయ్యి. అప్పటికి రెండేళ్ళలో ఏడు వందల మంది ఆ పేపరు రాశారు. ఎవరూ ఆ మాట అనలేదు.

ఒకటి తీసేస్తే యాభై తొమ్మిది ప్రశ్నలు మిగిలాయి. బెన్హర్ పేపర్లు దిద్దాడు. గదిలో అందరి సగటు ముప్పై మూడు. సుజితకు యాభై తొమ్మిది వచ్చాయి. అతను మూడుసార్లు దిద్దాడు. మూడుసార్లూ యాభై తొమ్మిదే. పెన్ను పెట్టేసి లేచి నిలబడ్డాడు. ఒక అంకెను చూసి లేచి నిలబడడం అతనికి అదే మొదలు.

ఆ అంకె ఎవరికీ చెప్పకూడదు. ఆ పరీక్ష పనికొస్తుందో లేదో ఇంకా తేలలేదు. తేల్చే పద్ధతి ఇది. మార్కులు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అందరికీ ఒకేలా పాఠం చెప్తారు. సీనియర్ టెక్నీషియన్ సింహాద్రి ప్రతివారం వాళ్ళ పని చూసి మార్కులు వేస్తాడు. ఏడాది తర్వాత, జూన్‌లో, రెండు మార్కులూ పక్కపక్కన పెడతారు. రెండూ కలిసి నడిస్తే ఆ పరీక్షతో మనుషుల్ని ఎంపిక చెయ్యొచ్చు. నడవకపోతే పేపరు చింపెయ్యాలి. ఫలానా పిల్లకు యాభై తొమ్మిది వచ్చాయని ముందే తెలిస్తే సింహాద్రి ఆమెకు తనకు తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ వేస్తాడు. అప్పుడు పరీక్ష తనను తానే మెచ్చుకున్నట్టు అవుతుంది.

మూడు జిల్లాల్లో నాలుగు కేంద్రాలు, రెండు వందల పద్నాలుగు మంది. వాళ్ళ మార్కులు తెలిసింది ఇద్దరికే. రాజులమ్మకు, బెన్హర్‌కు. ప్రతి గురువారం నర్సీపట్నం వచ్చి సింహాద్రి వేసిన మార్కుల షీట్లు తీసుకెళ్ళడం బెన్హర్ పని. నోరు మూసుకోవడం రెండో పని.

ఆగస్టు ఏడున కొయ్యూరు నుంచి సోమలమ్మ అనే ముసలావిడ వచ్చింది. గెడ్డలో నీళ్ళు దాటుతూ జారి చెయ్యి ఆనించి పడిందట. బొటనవేలి కింద నొప్పి. సింహాద్రి రెండు ఎక్స్‌రేలు తీశాడు. తెర మీద ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. ఆవిణ్ణి పంపించబోతుంటే వెనక నిలబడి ఉన్న సుజిత, ఇంకొకటి తీద్దామా అని అడిగింది. చెయ్యి చిటికెన వేలి వైపు వంచి తియ్యాలంది. ఆ పాఠం జనవరిలో ఉంది. ఎవరు చెప్పారని సింహాద్రి అడిగాడు.

"ఎవరూ సెప్పలేదండి. ఈ రెండు బొమ్మలూ కలిపి మనసులో తిప్పి సూసాను. ఈ సిన్న ఎముక వెనకాల కొంచెం సోటు రెండిట్లోనూ కనపడట్లేదు. ఇటు వంచితే బయటికొస్తాది."

సోమలమ్మకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. సుజిత తన చెయ్యి బల్ల మీద పెట్టి వంచి చూపించింది. సోమలమ్మ ఆ చేతిని చూస్తూ తన చెయ్యి వంచింది. సింహాద్రి మీట నొక్కాడు.

తెర మీద ఆ ఎముకకు అడ్డంగా ఒక గీత కనిపించింది. వెంట్రుకంత గీత. అంటే ఎముక విరిగింది. సింహాద్రి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఇది పట్టుకోకపోతే ఆ ఎముక లోపల్లోపల చచ్చిపోయేదని తర్వాత డాక్టరు చెప్పారు. బెన్హర్ అద్దం అవతల షీట్ల కోసం నిలబడి ఉన్నాడు. ఆ రోజు షీట్లు తీసుకోవడం మర్చిపోయి బస్సెక్కాడు.

సెప్టెంబరులో థియరీ పరీక్ష జరిగింది. భౌతికశాస్త్రం, పేపరంతా ఇంగ్లీషు. సుజితకు నూటికి పంతొమ్మిది వచ్చాయి. ఇంకో ముగ్గురు కూడా తప్పారు. అక్టోబరు పదిన మళ్ళీ రాసి పాసవకపోతే సీటు పోతుంది. ఆమె వరండాలో బెన్హర్‌ను ఆపింది.

"ఒక్క ముక్క సెప్పండి. ఆ బొమ్మల పరీక్షలో నాకెంతొచ్చింది?"

"చెప్పకూడదండి."

"సెప్పుకోలేనంత తక్కువా?"

"తక్కువా ఎక్కువా అన్నది కూడా చెప్పకూడదు."

"మీరు బాగున్నారా అంటే, అది కూడా సెప్పకూడదేటి?"

"బాగున్నానండి."

"అదొక్కటైనా సెప్పారు," అని ఆమె వెళ్ళిపోయింది.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. నక్కపల్లి దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పనికి పోయిందని, కోర్సులో చేరక ముందు నాలుగేళ్ళు అక్కడే చేసిందని, ఇక రాదట అని సింహాద్రి చెప్పాడు. అలాంటి పిల్లను ఇరవై రెండేళ్ళ సర్వీసులో చూడలేదని కూడా అన్నాడు. ఆమె రాకపోతే పరిశోధన లెక్కల్లో ఆమెకిచ్చిన నూట ముప్పై ఏడో నంబరు ఎదురుగా 'మానేశారు' అని పడుతుంది.

ఒక్క వాక్యం చెప్తే ఆమె తిరిగొస్తుందని బెన్హర్‌కు తెలుసు. ఆ వాక్యం చెప్తే ఆమె ఏడాది పని లెక్కకు రాదనీ తెలుసు. ఇంకో సంగతి కూడా తెలిసింది. బస్సులో కూర్చుని తాను ఆలోచిస్తున్నది లెక్కల గురించి కాదు.

ఇలాంటి వాటికి ఒక ఫారం ఉంది. పరిశోధనలో నియమం దాటినా, దాటే ప్రమాదమున్నా అందులో రాయాలి. నాలుగు గడులు. ఎవరి విషయంలో: నంబరు 137. ఏం జరిగింది: రీసెర్చ్ అసిస్టెంటుకు ఆమె మీద వ్యక్తిగత ఆసక్తి కలిగింది. ఎప్పటి నుంచి: ఆగస్టు 7, ఉదయం 11.20. సరిదిద్దే చర్య: తెలియదు.

అది నింపి పంపిన అర్ధగంటలో రాజులమ్మ ఫోన్ చేసింది.

"ఇదేమిటి బెన్హర్?"

"డీవియేషన్ ఫారం మేడం."

"ఫారం పేరు నాకు తెలుసు. ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలీదు మేడం."

"తెలియాలి. తన మార్కు తెలిసిన మనిషికి తన మీద ఇష్టం ఉందన్న సంగతి తెలుసుకునే హక్కు ఆమెకుంది. లెటరు ఇస్తాను. చదివించి సంతకం తీసుకురా. అది రూలు."

"నేనే వెళ్ళాలా మేడం?"

"మరి నన్ను వెళ్ళమంటావా?"

ఆ రోజు నుంచి జూన్ దాకా నర్సీపట్నం కేంద్రానికి వేరే మనిషి వెళ్తారని, బెన్హర్ పాయకరావుపేట కేంద్రం చూసుకోవాలని, సంతకం తీసుకున్నాక సుజితను కలవకూడదని ఆమె చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళకు బెన్హర్ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. చినుకులు పడుతున్నాయి. రేకుల షెడ్డు కింద సుజిత, ఆమె తల్లి కరుణకుమారి టిఫిన్ బాక్సులు విప్పుకుని కూర్చున్నారు. తల్లి కూడా అక్కడే జీడిపప్పులో విరగని గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేస్తుంది. బెన్హర్ లెటరు ఇచ్చాడు. సుజిత రెండుసార్లు చదివింది.

"ఇది అందరికీ ఇచ్చారా?"

"ఒక్కరికే."

"వ్యక్తిగత ఆసక్తి అని రాసారు. అంటే ఏటి?"

"అంటే... అదేనండి."

"ఏటే అది?" అంది కరుణకుమారి.

"ఇతనికి నేనంటే ఇష్టమటమ్మా. ప్రొఫెసరు గారు స్టాంపు కూడా ఏసారు."

కరుణకుమారి లెటరు తీసుకుని స్టాంపు చూసింది. తర్వాత బెన్హర్‌ను చూసింది. ఏ చర్చి, ఎవరి అబ్బాయి అని అడిగింది. నర్సీపట్నం మిషన్ చర్చి, జాన్ ప్రసాద్ కొడుకునని అతను చెప్పాడు. చర్చిలో ముందు నిలబడి పాడే జాన్ ప్రసాద్ గారేనా అంది. ఆయనేనండి అన్నాడు. ఆమె చెయ్యి తుడుచుకుని అతనికి కూర్చోడానికి పీట జరిపింది.

లెటరు చివర రెండు గడులున్నాయి. సుజిత పరిశోధన నుంచి వైదొలిగితే ఆమె మార్కు ఇప్పుడే చెప్పొచ్చు, కానీ ఆమె లెక్కలోంచి పోతుంది. కొనసాగితే జూన్ దాకా చెప్పరు. బెన్హర్ ఆ సంగతి వివరించాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుంది, కానీ టిక్కు కొట్టలేదు.

"ఒకటడుగుతాను. నా మార్కు సూసి ఇష్టపడ్డారా, నన్ను సూసా?"

ఏం చెప్పినా మార్కు చెప్పినట్టే అయ్యేలా ఉంది.

"తేదీ రాశానండి. ఆగస్టు ఏడు. ఆ ముసలమ్మ చేతి పక్కన మీ చెయ్యి పెట్టారు. అప్పుడు నాకు ఏ మార్కూ గుర్తు లేదు."

సుజిత తల దించుకుంది. కరుణకుమారి వాన వైపు చూసింది.

బెన్హర్ ఇంకో కాగితం తీశాడు. అది కేంద్రం నిబంధనల్లో ఒక పేజీ. మళ్ళీ రాసే పరీక్ష తెలుగులో రాయొచ్చని అందులో ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. తప్పిన నలుగురికీ చెప్పడానికి ప్రొఫెసరు గారు అనుమతి ఇచ్చారని అతను అన్నాడు.

"మిగతా ముగ్గురికీ సెప్పీసారా?"

"చెప్పాను. మీరు నాలుగో వారు."

"నన్ను ఆఖర్న పెట్టారన్నమాట."

"మీ ఊరు దూరమండి."

కరుణకుమారి ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది. "ఆ బొమ్మల పరీక్షలో ఇంగ్లీషుందా బాబూ?"

"లేదండీ. ఒక్క అక్షరం లేదు."

"తప్పిన దాంట్లో?"

"అంతా ఇంగ్లీషేనండి."

"అయితే ఇది ఇంగ్లీషే తప్పింది. ఎక్స్‌రే తప్పలేదు. ఎల్లే, బేగి ఎల్లి సదువుకో. మూడ్రోజులే ఉన్నాది."

సుజిత 'కొనసాగుతాను' అన్న గడిలో టిక్కు కొట్టింది.

"మార్కు తెలుసుకోరా?" అన్నాడు బెన్హర్.

"ఇప్పుడు తెలిస్తే ఆ అంకెని మోసుకుని తిరగాలి. పని సేసాక తెలిస్తే అది నాదవుద్ది." సంతకం చేసి కాగితం అతనికిచ్చింది. "మీ సంగతికి జవాబు రాయడానికి ఇందులో గడి లేదే."

"లేదండి."

"అయితే జూన్ దాకా ఆగండి."

పదో తేదీన ఆమె తెలుగులో రాసింది. డెబ్భై ఒకటి వచ్చాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలు బెన్హర్ పాయకరావుపేటకే వెళ్ళాడు. ఆమెను కలవలేదు, ఫోన్ చెయ్యలేదు. నియమం తనకు వర్తించదని కరుణకుమారి తీర్మానించుకుంది. రెండు ఆదివారాలు నర్సీపట్నం చర్చికి వచ్చి జాన్ ప్రసాద్‌తో మాట్లాడి వెళ్ళింది. ఏం మాట్లాడారో పెద్దవాళ్ళిద్దరూ బయటపెట్టలేదు. ఈస్టరుకు మాత్రం జాన్ ప్రసాద్ ఇంటికి రెండు కేజీల జీడిపప్పు వచ్చింది. అన్నీ గుండ్లే.

జూన్ పదకొండున రాజులమ్మ నర్సీపట్నం వచ్చింది. కేంద్రంలో తెల్ల గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు వేసింది. బెన్హర్‌కు ఆ రోజు రావడానికి అనుమతి ఉంది. తలుపు దగ్గర నిలబడ్డాడు.

గోడ మీద చుక్కలు కనిపించాయి. రెండు వందల ఆరు. ఎనిమిది మంది మధ్యలో మానేశారు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి అని రాజులమ్మ చెప్పింది. మొదటి రోజు బొమ్మల పరీక్షలో మార్కు పెరిగేకొద్దీ చుక్క కుడికి జరుగుతుంది. ఏడాది పనిలో మార్కు పెరిగేకొద్దీ పైకి ఎక్కుతుంది. చుక్కలు ఎడమ పక్క కింద మొదలై కుడి పక్క పైకి వాలుగా సాగాయి. అన్నీ గీత గీసినట్టు లేవు. కొన్ని దారి తప్పి పక్కన పడ్డాయి. కానీ వాలు ఉంది. ఎవరైనా చూడొచ్చు. నలభై ఐదు నిమిషాల పేపరు ఏడాది పనిని ముందే చూసింది.

సింహాద్రి లేచి నిలబడ్డాడు. ఆ చుక్కల్లో నర్సీపట్నానివి అతను వేసిన మార్కులు. ఏమీ తెలియకుండా, వారం వారం వేసినవి.

గోడకు కుడి పక్క, పై మూలన, ఒక చుక్క ఒంటరిగా ఉంది. దాని చుట్టూ జానెడు మేర ఏమీ లేదు.

"ఇది నూట ముప్పై ఏడు," అంది రాజులమ్మ.

సుజిత తన నంబరు కార్డు చూసుకుంది. మళ్ళీ గోడ చూసింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ప్రొజెక్టర్ వెలుగులో ఆమె చీర నిండా చుక్కలు పడ్డాయి. ఆ మూలన ఉన్న దాని కింద వేలు ఆనించి చాలాసేపు నిలబడింది.

మిగతా వాళ్ళు టీకి వెళ్ళారు. బెన్హర్ తలుపు దగ్గర నుంచి కదలలేదు. ఆమే అడిగింది.

"నేను పంతొమ్మిది మార్కులతో ఏడుస్తున్నప్పుడు ఇది మీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎలా ఉండగలిగారండి?"

"కష్టంగా."

ఆమె అతని వైపు తిరిగింది. చుక్కను చూసిన చూపుతోనే అతన్ని చూసింది. తర్వాత అడిగింది.

"మీరు రాసారా ఈ పరీక్ష?"

"రాశాను. ముప్పై నాలుగు."

ఆమె గోడ మధ్యలోకి చూసింది. అక్కడ చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"అయితే మీరక్కడ. నా కాడికి సానా దూరం ఎక్కాల."

"ఎక్కలేనండి. రెండోసారి రాసినా అంతే వచ్చింది."

"పర్లేదు లెండి," అంది సుజిత. "నేనే దిగొస్తాను."

ప్రొజెక్టర్ ఆపడానికి లోపలికి రాబోయిన రాజులమ్మ గుమ్మంలోనే ఆగి, దాన్ని అలాగే వెలగనిచ్చి వెనక్కి తిరిగింది.