నంబరు తీసేసిన రంధ్రం

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో చీకటి. గోడ మీద అక్షరాల బోర్డు ఒక్కటే వెలుగుతోంది.

"చివరి లైను చదవండి" అన్నాడు కళ్ల డాక్టరు.

"చివరి లైను నా కంటికి ఎప్పుడూ ఆనదు."

"అయితే దగ్గరికి జరగండి" అంటూ డాక్టరు లేచి గడియ పెట్టాడు. ఇద్దరి కోడ్ మాటలూ సరిపోయాయి. తెల్లకోటులో ఉన్నది డాక్టరు కాదు, చీఫ్.

"టార్గెట్?" అన్నాడు ఏజెంట్.

"సర్క్యూట్ బోర్డుల కంపెనీ. రక్షణ మండలి సమావేశ మందిరంలో పెట్టే మైకు డబ్బాలకు బోర్డులు అక్కడే డిజైన్ అవుతున్నాయి. విదేశీ ముఠా ఒకటి ఆ డబ్బాల్లో ట్రాన్స్‌మిటర్ దాచాలని చూస్తోంది. బోర్డులో ఎక్కడ దాస్తారో తెలియదు."

"అక్కడి డిజైనర్‌ని అడగలేదా?"

"మెట్ల మీంచి జారిపడి పోయాడు. పది అంతస్తుల బిల్డింగ్, మూడు లిఫ్టులు. ఆ మెట్లు ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆ కుర్చీలో నువ్వు కూర్చుంటావు. నీకు యాభై అయిదేళ్లు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, నీ ఇంటికి ఎవరూ రారు."

"ఇందులో నటించాల్సింది వయసొక్కటే సార్."

చీఫ్ నవ్వలేదు. సొరుగులోంచి మందం, లోతు కొలిచే ఒక డిజిటల్ కాలిపర్ తీసి ఇచ్చాడు. కొలతలు మామూలుగానే చూపిస్తుంది. జీరో బటన్ నొక్కి పట్టుకుంటే మాత్రం చీఫ్ మనుషులు లోపలికి వస్తారు.

"ఇంకొకటి. ముఠాలో మన మనిషి ఉంది. బోర్డుల కింద పెట్టే పిల్లర్లు, స్క్రూలు సప్లై చేసే కంపెనీ తరఫున వస్తుంది. నువ్వెవరో ఆమెకు తెలియదు. అడిగిన పని చేసిపెట్టు. ముఠాకి ఆమె మీద అనుమానం రాకూడదు."

ఏజెంట్ ఆ కుర్చీలో చేరాడు. నెరిసిన విగ్గు, లావుపాటి అద్దాలు, చొక్కా కింద దూదితో కుట్టిన పొట్ట. ఎవరు ఏ వస్తువు తెచ్చినా ముందు కాలిపర్‌తో కొలిచేవాడు కాబట్టి ఆఫీసు అతనికి కొలతల బాబాయ్ అని పేరు పెట్టేసింది. పేరు పెట్టాక ఇక పలకరించాల్సిన పని లేదనుకుంది. సాయంత్రం గదికి వెళ్లి పొట్ట విప్పి కొక్కేనికి తగిలించేవాడు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. పక్క వాటాలో టీవీ పెడితే గోడకి దగ్గరగా జరిగి కూర్చునేవాడు. వార్తల కోసం కాదు, మనుషుల గొంతు కోసం. ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రాణానికి భయపడ్డాడు గానీ, ఇలాంటి సాయంత్రాల గురించి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు పిల్లర్ల మేడమ్ వచ్చింది. నీలం కోటు, ఎత్తు మడమల చెప్పులు. ఆమె నడిచి వస్తుంటే ఆఫీసు మొత్తం వెన్ను నిటారు చేసుకుని కూర్చుంది. ఆమె ఎవరినీ చూడకుండా నేరుగా వచ్చి అతని పక్కన స్టూలు లాక్కుంది.

"బాబాయ్ గారూ, భోంచేశారా?"

ముప్పయ్యారేళ్ల ఏజెంట్ తెర మీంచి తల తిప్పాడు. ఆ మాట అతన్ని ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో. బాబాయ్ అన్నందుకు మనసు చివుక్కుమన్నా, అడిగినందుకు క్షమించేశాడు.

"మా కొత్త పిల్లర్‌కి సరిపోయే రంధ్రం మీ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో లేదండి. మీరే తయారుచేసి పెట్టాలి" అంటూ ఆమె బల్ల మీద ఒక ఇత్తడి పిల్లర్ పెట్టింది. వేలి కణుపంత ఉంటుంది. బోర్డును డబ్బాలో కదలకుండా నిలబెట్టడం, అంతే దాని పని.

ఏజెంట్ కొత్త ఫుట్‌ప్రింట్, అంటే బోర్డు మీద ఆ పిల్లర్ కూర్చునే చోటికి నమూనా, తెరిచాడు. మధ్యలో రంధ్రం, గోడలకు రాగిపూత ఉండకూడదు. పైన ఒక రాగి రింగు, కింద ఒక రాగి రింగు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రాగిముక్కకూ ఒక నంబరు ఇవ్వాలి. నంబరు ఉంటే అది ఏదో ఒక లైనుతో కలుస్తుంది. నంబరు లేకపోతే అక్కడే ఉంటుంది, దేనికీ చెందదు. మేడమ్ చెప్పిన ప్రకారం పై రింగుకి ఒకటో నంబరు, అది ఎర్త్. కింది రింగుకి రెండో నంబరు, అది కరెంటు సప్లై.

"స్క్రూ రంధ్రానికి కరెంటెందుకు మేడమ్?"

"మైకులో గురగుర తగ్గుతుందటండి. మా ఇంజినీర్లు చెప్పిందే నేను చెబుతున్నా. నాకేం తెలుసు?"

అతను పిల్లర్ చేతిలోకి తీసుకుని లోతు చూసే కాలిపర్ తోకను లోపలికి దించాడు. స్క్రూ కోసం మర కోసిన రంధ్రం సగం లోతు కూడా లేదు. మిగతాది గట్టి ఇత్తడి అనుకుందామంటే అరచేతిలో బరువే తెలియడం లేదు. లోపల గుల్ల. గుల్లలో ఏముందో, దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఆ క్షణమే అర్థమైపోయింది. ఆమె మన మనిషే అయితే ఈ సంగతి చీఫ్‌కి ఎందుకు చెప్పలేదు?

"కాళ్లు వాస్తున్నాయా బాబాయ్ గారూ? అదేపనిగా కూర్చోకండి" అంది ఆమె.

ఏజెంట్ కాలిపర్ పక్కన పెట్టేశాడు. ముఠా ఆమెను కూడా మోసం చేసి ఉండొచ్చు, పిల్లర్ మోసుకొచ్చినంత మాత్రాన లోపల ఏముందో తెలిసి ఉండాలని ఏముంది అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. చీఫ్‌కి ఏమీ పంపలేదు. అంతటితో ఆగినా బాగుండేది. రింగు వెడల్పు కావాలనే కొంచెం తగ్గించి పెట్టాడు, సరిచేయించుకోవడానికి మళ్లీ వస్తుందని. వచ్చింది. ఈసారి రంధ్రం కాస్త వదులుగా పెట్టాడు. మళ్లీ వచ్చింది, పళ్లు తెచ్చి పెట్టింది. ఇంత చేతకాని డిజైనర్‌ని ఎక్కడా చూడలేదని మేనేజర్ విసుక్కున్నా ఏజెంట్ పట్టించుకోలేదు. దేశ రహస్యాల మీద కూర్చుని మనిషి పలకరింపు కోసం అర మిల్లీమీటరు తప్పు చేస్తున్నానని అతనికి తెలుసు. సిగ్గుగానే ఉండేది. అయినా తలుపు చప్పుడైతే తల తిప్పేవాడు.

ఫైళ్లు ఫ్యాక్టరీకి పంపే రోజు వచ్చింది. మేడమ్ పక్కనే స్టూలు వేసుకుంది. "ఇవాళ పంపేదాకా కదలను బాబాయ్ గారూ."

అప్‌లోడ్ విండో తెరుచుకుంది. మేనేజర్ గది గుమ్మంలోంచే కేకేశాడు. "పంపారా? ఫ్యాక్టరీ వాళ్లు మూసేస్తారు."

"పంపుతున్నా" అన్నాడు ఏజెంట్. వేలు బటన్ మీద ఉంది, నొక్కడానికి రావడం లేదు. నొక్కితే ఇక రక్షణ మండలి మాట్లాడే ప్రతి ముక్కా సరిహద్దు దాటుతుంది. ఆపితే ఈమె దొరికిపోతుంది, ఒకవేళ అమాయకురాలైతే ముఠా బతకనివ్వదు.

ఆమె ఫోన్ మోగింది. లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

ఏజెంట్ ఫుట్‌ప్రింట్ తెరిచాడు. కింది రింగు మీద క్లిక్ చేశాడు. నంబరు గడిలో ఉన్న రెండుని చెరిపేశాడు. సేవ్. లైబ్రరీ నుంచి అప్‌డేట్. రాగి మళ్లీ పరుచుకుంది, ఈసారి రింగు చుట్టూ వెంట్రుకంత సందు వదిలి. వార్నింగ్ ఒకటి ఎగిరింది, మూసేశాడు. చెప్పుల చప్పుడు వెనక్కి తిరిగింది. ఫైళ్లు మళ్లీ తయారవుతున్నాయి. చప్పుడు దగ్గరైంది. బోర్డు చిత్రాన్ని బాగా చిన్నది చేశాడు. ఆమె అతని భుజం మీదుగా వంగేసరికి తెర మీద బోర్డు మూలల్లో అవే నాలుగు రంధ్రాలు, అవే రాగి రింగులు.

"అన్నీ బాగున్నాయి కదండీ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి మేడమ్." బటన్ నొక్కాడు.

ఆ సాయంత్రమే చీఫ్‌కి మొత్తం చెప్పాడు. "బోర్డులు పనిచేస్తాయి. పిల్లర్లు మాత్రం మూగవే. ఆ రింగుకి కరెంటు లేదన్న సంగతి ఎవరికీ తెలిసే దారి లేదు, అక్కడినుంచి మాటలు వినాలని కాచుకున్నవాళ్లకి తప్ప. మీకు చెప్పకుండా వచ్చి నన్ను అడిగినవాళ్లే దొంగలు. ఆమె అడగకపోతే వదిలేయండి సార్."

"అడగకూడదని కోరుకుంటున్నావా?"

"అవును" అన్నాడు ఏజెంట్. అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

బోర్డులు తయారై డబ్బాలకెక్కాయి. ఆమె రాలేదు. రాకపోతే మంచిదే. ఆ మంచి కోసం అతను ఖాళీ స్టూలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, దాన్ని ఎవరైనా లాక్కెళ్లబోతే కసురుకున్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం నీలం కోటు గుమ్మంలో కనిపించింది. భోజనం సంగతి అడుగుతుందని ఎదురుచూశాడు.

"బాబాయ్ గారూ, కింది రింగుకి కరెంటు రావట్లేదటండి. ఎక్కడ పొరపాటు జరిగిందో కాస్త చూస్తారా?"

ఏజెంట్ కాలిపర్ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత జీరో బటన్ నొక్కి పట్టుకున్నాడు.

లోపలికి వచ్చినవాళ్లను చూడగానే ఆమెకు అర్థమైంది. అరవలేదు, పారిపోలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అంది, గారూ లేకుండా.

"మొదటి రోజే. పిల్లర్ లోతు కొలిచినప్పుడు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు పట్టుకోలేదు?"

"పట్టుకుంటే రావడం మానేస్తావని."

ఆమె చేతులు ముందుకు చాపింది. చేతులకు బేడీలు పడ్డాయి. పాత డిజైనర్ని మెట్ల మీంచి తోసినవాళ్ల పేర్లు, ముఠా ఆచూకీ చీకటి పడకముందే బయటికొచ్చాయి.

చీఫ్ అతన్ని కారెక్కించుకున్నాడు. "రేపటినుంచి ఆ కుర్చీ ఖాళీ. కొలతల బాబాయ్ ఏమయ్యాడని ఆఫీసులో ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావ్?"

"అడగరు సార్" అన్నాడు ఏజెంట్. మళ్లీ తనే అన్నాడు, "ఒకవేళ ఎవరైనా అడిగితే మాత్రం, అరెస్టు చేయకుండా ముందు నాకొక మాట చెప్పండి."